ఆ ఏడు స్వరాలు, నా ఒక్క ‘ఏమో’

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఎప్పుడైనా ఉన్నారా? ఉంటే మీకు కొత్తగా చెప్పేదేం లేదు. ఒక గదిలో నాలుగు మంచాలు, నాలుగు బకెట్లు, ఉన్న ఒక్క ప్లగ్‌కి వేలాడే ఎక్స్‌టెన్షన్ బాక్స్. పక్క గదిలో డీఎస్సీకి చదివే అన్న, ఎదురు గదిలో గ్రూప్స్‌కి చదివే అన్న, మా గదిలో జావా నేర్చుకునే మేం. మెస్‌లో పొద్దున ఉప్మా, ఆదివారం చికెన్. 2018లో బీటెక్ అయిపోయి సూర్యాపేట నుంచి బస్సెక్కి వచ్చి నేను దిగింది అలాంటి గదిలోనే.

మా గదిలో ఒకడి దగ్గర గిటార్ ఉండేది. వాడి పేరు రాయను, ఎందుకో చదువుతుంటే మీకే అర్థమవుతుంది. హాస్టల్ మొత్తం వాణ్ణి ‘గిటార్’ అనే పిలిచేది. మనమూ అలాగే అనుకుందాం. నల్గొండ వైపు పల్లె వాళ్లది. నాకన్నా రెండేళ్లు పెద్ద. అయినా మొదటి వారంలోనే ‘మామ’ అంటే ‘మామ’ అనుకునేదాకా వచ్చాం.

రోజూ రాత్రి తిన్నాక వాడు గిటార్ పట్టుకుని టెర్రస్ ఎక్కేవాడు. నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని ఒకటే ధున్ వాయించేవాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మామూలు గిటార్, ఒక తీగ ఎప్పుడూ శ్రుతి తప్పేది. కానీ ఆ ధున్ మాత్రం ఎక్కడో విన్నట్టే ఉండేది. ఒకరోజు గుర్తొచ్చి అడిగా.

“ఇది ఫుట్‌బాల్ మ్యాచుల్లో జనం అరిచేది కదరా?”

వాడు నవ్వాడు. “అందరు గట్లనే అనుకుంటరు మామ. ఇది పాట. ‘సెవెన్ నేషన్ ఆర్మీ’. ద వైట్ స్ట్రైప్స్ అని బ్యాండ్. ఇద్దరే ఉంటరు. ఒకాయన గిటార్, ఒకామె డ్రమ్స్. అంటే మనం గూడ ఇద్దరం చాలు.”

అలా నేను డ్రమ్మర్‌నయ్యాను. డ్రమ్ ఏంటంటారా? హాస్టల్‌కి వచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్. ఖాళీ క్యాన్ని తిరగేసి అరచేత్తో కొడితే అచ్చం పెద్ద డ్రమ్ములాగే ‘ధబ్’ మంటుంది. ‘ఎక్కువ చెయ్యకు. ధబ్, ధబ్, ధబ్... అంతే’ అనేవాడు. నాకు రిథమ్ గురించి ఏమీ తెలియదు కాబట్టి అంతకన్నా ఎక్కువ చేసే ప్రమాదం కూడా లేదు.

జనతా గ్యారేజ్ కాదు

వాడు ‘గ్యారేజ్ రాక్’ అన్నప్పుడల్లా నాకు జనతా గ్యారేజే గుర్తొచ్చేది. మనకి గ్యారేజ్ అంటే మెకానిక్ షెడ్డు. అమెరికాలో గ్యారేజ్ అంటే ఇంటి పక్కన కారు పెట్టుకునే గది. 1960ల్లో అక్కడి కుర్రాళ్లు కారు బయటికి తీసి, ఆ గదిలో గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని వాయించేవాళ్లు. సంగీతం పెద్దగా రాదు, డబ్బుల్లేవు, కానీ ఊపుంది. ఆ మోటు శబ్దానికే గ్యారేజ్ రాక్ అని పేరు పడింది.

2000 దాటాక ఆ శబ్దం మళ్లీ లేచింది. న్యూయార్క్ నుంచి ద స్ట్రోక్స్, స్వీడన్ నుంచి ద హైవ్స్, ఆస్ట్రేలియా నుంచి ద వైన్స్. కార్ల ఊరు డెట్రాయిట్ నుంచి ద వైట్ స్ట్రైప్స్. జాక్ వైట్, మెగ్ వైట్ కలిసి 1997లో మొదలుపెట్టారు. బ్యాండ్‌కి ముందు జాక్ చేసిన పని సోఫాలకు, కుర్చీలకు గుడ్డ వేయడం. బట్టలు, వాయిద్యాలు, ఆల్బమ్ అట్టలు అన్నీ ఎరుపు, తెలుపు, నలుపు మూడు రంగుల్లోనే ఉండాలని వాళ్ల రూలు. బ్యాండ్‌లో బేస్ గిటార్ అనేదే లేదు.

“మరి ఈ పాటలో అడుగున గుడుగుడు మనేది బేస్ కాదా?” అని అడిగా. కాదట. జాక్ దగ్గర 1950ల నాటి కే కంపెనీ పాత గిటార్ ఒకటి ఉంది. దాని శబ్దాన్ని వ్యామీ అనే పెడల్‌తో ఒక స్థాయి కిందికి, అంటే మన భాషలో మంద్ర స్థాయికి దించాడు. అంతే, మామూలు గిటార్ బేస్ అయి కూర్చుంది. లేని మనిషి పనిని ఉన్న సామానుతో నెట్టుకురావడం అన్నమాట. మా వాటర్ క్యాన్ గుర్తొచ్చి నాకు భలే సంతోషమేసింది.

ఆ ధున్‌లో ఉన్నవి ఏడే స్వరాలు. గిటార్ నేర్చుకునేవాళ్లు ఐదో తీగ ఒక్కదాని మీదే వాయించేయొచ్చు: 7, 7, 10, 7, 5, 3, 2. ఇవి మెట్ల నంబర్లు. మన సరిగమల్లో చెప్పాలంటే స స గ స ని ద ప. నఠభైరవి రాగం తెలిసినవాళ్లు ఆ స్వరాలన్నీ అందులోవేనని పట్టేస్తారు. ముందు షడ్జమం దగ్గర కాసేపు నిలబడి, ఒక్కసారి పైకి తొంగిచూసి, తర్వాత మెట్టు మెట్టుగా కిందికి దిగిపోతుంది. ఎవరో తల పైకెత్తి మాట్లాడబోయి, మళ్లీ దించుకుని నడుచుకుంటూ పోయినట్టు.

ఇంకో విచిత్రం. మన సినిమా పాటలో చరణం అయిపోగానే పల్లవి తిరిగొస్తుంది కదా, ఇందులో పాడే పల్లవి లేదు. గొంతు ఆగిపోతుంది. పల్లవి రావాల్సిన చోట అవే ఏడు స్వరాలు గిటార్ మీద గట్టిగా, గరగరమంటూ మోగుతాయి. అంటే మాటలు అయిపోయిన చోట ధున్ మాట్లాడుతుంది.

జాక్ ఈ ధున్‌ని 2002 జనవరిలో మెల్‌బోర్న్‌లోని కార్నర్ హోటల్లో, కచేరీకి ముందు సౌండ్ చెక్ చేస్తూ కనిపెట్టాడు. ఎప్పుడైనా జేమ్స్‌బాండ్ సినిమాకి పాట అడిగితే వాడుకుందామని దాచుకున్నాడట. పిలుపు ఎప్పటికొస్తుందో తెలియదు కాబట్టి తనే వాడేశాడు. తీరా 2008లో బాండ్ సినిమా పిలుపు నిజంగానే వచ్చింది, దానికి వేరే పాట చేయాల్సొచ్చింది. ఈ పాట ఉన్న ‘ఎలిఫెంట్’ ఆల్బమ్‌ని లండన్‌లో టో ర్యాగ్ అనే చిన్న స్టూడియోలో, కంప్యూటర్ ముట్టుకోకుండా, 8 ట్రాకుల టేపు మీద రికార్డ్ చేశారు. 2003లో విడుదలైంది. 2004లో ఈ పాటకి ఉత్తమ రాక్ పాటగా గ్రామీ వచ్చింది.

పేరు సంగతి కూడా వాడే చెప్పాడు. సాల్వేషన్ ఆర్మీ అని ఒక సేవా సంస్థ ఉంది. చిన్నప్పుడు జాక్‌కి ఆ పేరు సెవెన్ నేషన్ ఆర్మీ అని వినబడిందట. ఆ పిల్లవాడి పొరపాటే పాట పేరయింది.

ఇవన్నీ చెప్పాడు గానీ, పాట అర్థం మాత్రం వాడు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఏదో వీరుడి పాట అనుకున్నా. ఏడు దేశాల సైన్యం వచ్చినా నన్ను ఆపలేదు అనే టైపు. మెట్రోలో ఇంటర్వ్యూలకి పోతూ ఇయర్‌ఫోన్స్‌లో పెట్టుకుంటే ఛాతీ రెండంగుళాలు పెరిగేది. ఆ ఏడాది సెప్టెంబర్ 24నే అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి, మలక్‌పేట, నాంపల్లి దాటి అమీర్‌పేటలో దిగేలోపు ఆ పాట ఆరేడుసార్లు తిరిగేది.

మెస్‌లో ఒక మాట

2019లో వాడికి ఉద్యోగం వచ్చింది. మంచి ప్యాకేజీ. మా ఫ్లోర్‌లో ఎవరికీ అంత రాలేదు. నాకైతే అప్పటికి ఒక్క ఆఫరూ లేదు. వాడు అందరికీ బిర్యానీ పెట్టించాడు. తిన్నాను. సంతోషపడ్డాను కూడా. కానీ కడుపులో ఎక్కడో చిన్న మంట. అబద్ధం ఎందుకు చెప్పాలి?

రెండు రోజుల తర్వాత మెస్‌లో ప్లేట్ పట్టుకుని కూర్చుంటే ఎదురుగా ఉన్నతను అడిగాడు. “మీ గిటార్‌కి గంత ప్యాకేజీ ఎట్ల వచ్చింది బ్రో? ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిండా ఏంది?”

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం వెతికినవాళ్లకి ఆ మాట బరువు తెలుసు. లేని అనుభవాన్ని కాగితాల మీద పుట్టించడం. బయటపడితే ఉద్యోగం పోతుంది, పేరు పోతుంది.

నాకు నిజం తెలుసు. కాలేజీ అయ్యాక వాడు రెండేళ్లు కొత్తపేటలో ఒక చిన్న ఆఫీసులో పనిచేశాడు. ఐదుగురే మనుషులు. జీతం నెలనెలా చేతికి నోట్లిచ్చేవాళ్లు, పే స్లిప్ అనేదే లేదు. కానీ పని నిజం. వాడు రాత్రిళ్లు కూర్చుని రాసిన కోడ్ నేను చూశాను.

“లేదు బ్రో, వాడు నిజంగానే పనిచేసిండు” అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా?

“ఏమో.”

అని ఊరుకోలేదు. చిన్నగా నవ్వాను.

ఆ ‘ఏమో’కి కాళ్లొచ్చాయి. సాయంత్రానికి పై ఫ్లోర్‌కి చేరింది. ‘రూమ్మేటే చెప్పిండట’ అయింది. ‘నిప్పు లేందే పొగ రాదు కదా’ అయింది. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పేరు లేకుండా ఒక జోక్ అయింది. వాడి ఊరివాళ్లు ఇద్దరు మా వీధిలోనే వేరే హాస్టల్లో ఉండేవాళ్లు. అక్కణ్నుంచి అది ఊరికి పోయింది. వాళ్ల నాన్న ఫోన్ చేసి అడిగారు. ఆ ఫోన్ వాడు టెర్రస్ మీద మాట్లాడాడు. నేను మెట్ల దగ్గర నిలబడి విన్నాను. “లేదు నాయినా, నేనట్ల చెయ్యలే” అని నాలుగైదుసార్లు అన్నాడు.

కంపెనీ వాళ్లు పాత ఆఫీసు కాగితాలు అడిగారు, మళ్లీ అడిగారు. జాయినింగ్ తేదీ ఒకసారి జరిగింది, రెండోసారి జరిగింది, చివరికి ఆఫర్ రద్దయింది. ఈ పుకారు అక్కడిదాకా పోయిందా, లేక పే స్లిప్పులు లేకపోవడమే కారణమా, ఇప్పటికీ నాకు తెలియదు. నెల తిరక్కముందే వాడు గది ఖాళీ చేశాడు. ఎల్‌బీ నగర్ దాకా నేనే బైక్ మీద దించాను. గిటార్ భుజానికి వేసుకుని, బ్యాగు కాళ్ల దగ్గర పెట్టుకుని నల్గొండ బస్సు కోసం నిలబడ్డాడు. మేం పెద్దగా ఏం మాట్లాడుకోలేదు. బస్సు కదిలాక చెయ్యి మాత్రం ఊపాడు.

మన చౌరస్తా బ్యాండ్ ‘ఊరెళ్లిపోతా మామా’ పాట మీరంతా వినే ఉంటారు. పట్నంలో అలసిన మనిషికి ఊరే దిక్కు. కానీ వీడికి ఆ దిక్కు కూడా లేకుండా చేశాం. బస్సుకన్నా ముందే మాట ఊరు చేరిపోయింది.

అర్థం తెలిసిన రోజు

వాడు పోయాక చాలా రోజులు ఆ పాట పెట్టుకోలేదు. ఉద్యోగం వచ్చాక ఒకసారి మెట్రోలో పోతూ, అసలు ఈ పాటకి అర్థమేంటని ఫోన్లో వెతికాను. జాక్ వైట్ ఇంటర్వ్యూల్లో చెప్పిన సంగతి కనబడింది. ఇది యుద్ధం పాట కాదు. పుకార్ల పాట.

ఒక మనిషి. ఊళ్లో తన వెనకాల అందరూ తన గురించి మాట్లాడుకుంటున్నారు. స్నేహితులు కూడా. మొదట రోషంతో ఊగిపోతాడు, ఎంతమంది వచ్చినా చూసుకుంటానంటాడు. తర్వాత భరించలేక ఊరొదిలి విచిటా పోతానంటాడు. పొలం పని చేసుకుంటూ, చెమటోడుస్తూ ఎక్కడో బతుకుతానంటాడు. కానీ ఒంటరితనం తట్టుకోలేక తిరిగి రావాల్సొస్తుంది. ఎవరు తరిమారో వాళ్ల మధ్యకే.

జాక్‌కి ఇది ఊహించి రాయాల్సిన కథ కూడా కాదు. తనూ మెగ్ అక్కాతమ్ముళ్లమని వాళ్లు బయట చెప్పుకునేవాళ్లు. నిజానికి 1996లో పెళ్లి చేసుకుని 2000లో విడిపోయినవాళ్లు. 2001లో ఆ పెళ్లి కాగితాలు, విడాకుల కాగితాలు బయటికొచ్చాయి. ఇక చూడండి, ఎవరు ఏమవుతారు, ఎవరు ఎవరితో తిరుగుతున్నారు అని ఒకటే గోల. ఆ తర్వాతి ఏడాది వచ్చిన ధున్ ఇది.

మెగ్ సంగతి ఇంకా బాధ. 2007లో తీవ్రమైన ఆందోళనతో బాధపడుతోందని టూర్ ఆపేశారు. 2011లో బ్యాండ్ ముగిసింది. ఆమె అప్పట్నుంచీ జనానికి దూరంగానే ఉంది. అయినా 2023లో ఎవరో ఆమెకి డ్రమ్స్ వాయించడమే రాదని ట్విట్టర్‌లో రాస్తే, రోజుల తరబడి అదే చర్చ. మాట్లాడ్డం మానేసిన మనిషి గురించి కూడా మాట్లాడ్డం ఆగదు.

మెట్రో ఖైరతాబాద్ దాటుతోంది. ఇయర్‌ఫోన్స్‌లో ఆ ఏడు స్వరాలు. నాకు చల్లటి చెమట పట్టింది. ఇన్నాళ్లూ ఈ పాట వింటూ నేను ఆ ఒంటరి మనిషిననుకున్నాను. అందరూ అలాగే అనుకుంటారు. ఎదురుగా ఉన్న సైన్యం ఎవరో వేరేవాళ్లని. కానీ ఆ సైన్యంలో సిపాయిలు ఎక్కణ్నుంచి వస్తారు? మెస్ బెంచీల మీంచి. పక్క మంచం మీంచి. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా, నా పిడికెడు రెండే అక్షరాలు.

ఫుట్‌బాల్ సంగతి కూడా అప్పుడే కొత్తగా అనిపించింది. 2003 అక్టోబర్‌లో బెల్జియం జట్టు క్లబ్ బ్రూజ్ ఏసీ మిలాన్‌తో ఆడటానికి ఇటలీ వెళ్లింది. దాని అభిమానులు బార్లో ఈ పాట విని, స్టేడియంలో అందుకున్నారు. బ్రూజ్ 1-0తో గెలిచింది. పాటని ఊరికి తీసుకుపోయారు. 2006లో వాళ్ల దగ్గర ఆడటానికొచ్చిన రోమా జట్టు అభిమానులు నేర్చుకున్నారు. అదే ఏడాది ఇటలీ ప్రపంచకప్ గెలిస్తే దేశమంతా వీధుల్లో ‘పో... పో పో పో’ అని ఊగిపోయింది. అప్పట్నుంచి ప్రపంచంలో ఏ స్టేడియంలో అయినా అదే. గుంపు నోటికి భయపడి పారిపోయిన ఒక్క మనిషి పాట, గుంపు పాటయింది. పాడే వేలమందిలో ఎవరికీ మాటలు అక్కర్లేదు, ధున్ చాలు. పుకారుకీ అంతే కదా. నిజం అక్కర్లేదు, ఊపుంటే చాలు.

నా వంతు

2023లో ఐటీలో అందరినీ తీసేస్తున్న రోజుల్లో నా ఉద్యోగమూ పోయింది. అప్పటికి ఎల్‌బీ నగర్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాను. అమ్మానాన్న వచ్చి నాతోనే ఉన్నారు. వాళ్లకి చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ బ్యాగు వేసుకుని మెట్రో ఎక్కి, మూడు స్టేషన్ల అవతల దిల్‌సుఖ్‌నగర్‌లోనే దిగిపోయేవాణ్ని. నెలకింతని కట్టి ఒక స్టడీ హాల్లో, పోటీ పరీక్షలకి చదివే పిల్లల మధ్య కూర్చుని రెజ్యూమెలు పంపేవాణ్ని. లిఫ్టులో ఎవరైనా ‘వర్క్ ఫ్రమ్ హోమ్ లేదా బాబూ?’ అంటే గుండె జారిపోయేది.

ఒకరోజు త్వరగా ఇంటికొచ్చాను. తలుపు తీసే ఉంది. పై ఫ్లోర్ ఆంటీ అమ్మతో అంటున్నారు. “మీవాడి జాబ్ పోయిందంట కదా వదినా? మావాడు మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో చూసిండంట.”

నేను చెప్పులు విప్పకుండా నిలబడిపోయాను. అమ్మ కూరగాయలు తరుగుతూనే అంది. “నాకు తెల్వదు వదినా. తెల్వని ముచ్చట నేను మాట్లాడ. వాడొస్తే వాణ్నే అడుగుండ్రి.”

అంతే. ఆ మాట అక్కడితో చచ్చిపోయింది. ఆంటీ కాసేపు ఉల్లిగడ్డల రేటు మాట్లాడి వెళ్లిపోయారు. అమ్మకి అప్పటికే అంతా తెలుసని తర్వాత తెలిసింది. రెండు నెలలుగా నా టిఫిన్ బాక్స్ సగం తిని తిరిగొస్తుంటే ఏ అమ్మకి తెలియదు?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ‘ఏమో’కీ ‘తెల్వదు’కీ ఎంత తేడా! వినడానికి రెండూ ఒకటే. కానీ ‘ఏమో’ తలుపు కొంచెం తీసి ఉంచుతుంది, కావాలంటే లోపలికి రమ్మని. ‘తెల్వదు’ తలుపేసేస్తుంది. నాకు నిజం తెలిసి కూడా ‘ఏమో’ అన్నాను. అమ్మకి నిజం తెలిసి ‘తెల్వదు’ అంది. ఇద్దరం అబద్ధమే ఆడాం. ఒక అబద్ధం మనిషిని కాచింది, ఇంకోటి తరిమింది.

పొద్దున్నే వాడి నంబర్ సంపాదించి మెసేజ్ పెట్టాను. ‘ఒకసారి కలవాలి మామ.’ మూడు రోజుల తర్వాత జవాబు. పుణెలో పనిచేస్తున్నాడు. దసరాకి ఊరికి పోతూ ఎల్‌బీ నగర్‌లో బస్సు మారతాడు, గంట టైముంది.

మెట్రో మెట్ల కింద చాయ్ తాగుతూ చెప్పేశాను. ఆ రోజు మెస్‌లో నన్ను అడిగారని, నేను ‘ఏమో’ అన్నానని, నవ్వానని. వాడు చాయ్ అయిపోయేదాకా విన్నాడు.

“తెల్సు” అన్నాడు.

“ఎట్ల?”

“నీ ఎనకనే చేతులు కడుక్కుంటున్న.”

నాకు నోట మాట రాలేదు. నాలుగేళ్లు. బైక్ మీద నా వెనక కూర్చుని బస్సు దాకా వచ్చినప్పుడు కూడా తెలుసు. చెయ్యి ఊపినప్పుడు కూడా.

“మరి అడగలేదేందిరా?”

“నువ్వే చెప్తవేమోనని చూసిన.” కప్పు డబ్బాలో పడేశాడు. “అందరు అన్నది నన్నేం చెయ్యలే. నువ్వన్నదే.”

తర్వాత పుణె వానల గురించి, మా నాన్న బీపీ గురించి మాట్లాడుకున్నాం. బస్సొచ్చింది. ఎక్కాడు. ఈసారి భుజాన గిటార్ లేదు.

దీపావళి రోజు వాడి నుంచి వాట్సాప్‌లో ఆడియో వచ్చింది. 11 సెకన్లు. మాటల్లేవు. స స గ స ని ద ప. ఒక తీగ ఇప్పటికీ శ్రుతి తప్పుతోంది. నేను డైనింగ్ టేబుల్ మీద అరచేత్తో ధబ్, ధబ్, ధబ్ కొట్టి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

నాకు మళ్లీ ఉద్యోగం వచ్చింది. కొత్త ఆఫీసు ప్యాంట్రీలో రోజూ ఎవరో ఒకరి గురించి ఎవరో ఒకరు అడుగుతారు. ఆమె ఎందుకు రిజైన్ చేసింది, అతనికి ప్రమోషన్ ఎలా వచ్చింది. నిజం తెలిసి, అది ఆ మనిషికి మేలు చేసేదైతే గట్టిగా చెబుతున్నాను. లేదంటే ‘నాకు తెలియదు’ అని కప్పు కడుక్కుంటున్నాను. నాతో మాట్లాడ్డం బోర్ అని పేరొచ్చింది. రానివ్వండి.

వాడు నన్ను క్షమించాడా అని అడుగుతారేమో. నాకు తెలియదు.